కార్నియా పరీక్షలకి రెడీమేడ్ కిట్టా, మేక కన్నా? విశాఖ ల్యాబుల కోసం ఒక సమీక్ష

కంటి చుక్కల మందు పనితనం చూడటానికి విశాఖలో ఒక చిన్న ల్యాబుకి మూడు దారులున్నాయి. విదేశాల నుంచి తెప్పించుకునే రెడీమేడ్ కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర) కణజాల కిట్లు ఒకటి, మన దగ్గరే ఇన్సర్ట్ (అడుగున సన్న రంధ్రాల పొర ఉన్న చిన్న కప్పు) మీద పెంచుకునే కణాల పొరలు రెండోది, కబేళా నుంచి తెచ్చుకునే మేక కళ్ళు మూడోది. మా తీర్పు ముందే చెప్పేస్తాం. ఇన్‌ఫ్లమేషన్ (కన్ను ఎర్రబడి వాచడం) చూడాలంటే మనిషి కణాల కిట్టు. గాయం మానడం చూడాలంటే మేక కన్ను. ఒకదానితో రెండోదాని పని కూడా చేయించబోతే డబ్బు పోతుంది, చేతికొచ్చిన అంకెలూ నమ్మదగ్గవి కావు. ఇంకో మాట, ఇది అన్నిటికంటే ముఖ్యం: ఏ నమూనా తీసుకున్నా ఫలితాన్ని చెడగొట్టేది చాలాసార్లు కణజాలం కాదు, దాని కింద పోసిన మీడియం, అంటే కణాలకి ఆహారమిచ్చే ద్రవం.

వరి కోతలప్పుడు కంట్లో ఊక పడో, చెరకు తోటలో ఆకు గీసుకునో నల్లగుడ్డు మీద పుండు పడటం, అది మానాక తెల్లటి పువ్వు మిగిలిపోవడం ఉత్తరాంధ్రలో ఏ ఊళ్ళో అడిగినా చెబుతారు. అందుకే ఇక్కడ ఈ పని ఊరికే జర్నల్ కోసం చేసే పని కాదు. 2023లో కొత్త మందుల నిబంధనలు సవరించి, జంతువుల మీద కాకుండా చేసే పరీక్షలకి కేంద్రం చోటిచ్చింది. సౌందర్య సాధనాలని జంతువుల మీద పరీక్షించడం 2014లోనే ఆగిపోయింది. 1944 నుంచి కుందేలు కంట్లో వేసి చూస్తున్న డ్రెయిజ్ పరీక్షకి బదులు ఏమిటన్న ప్రశ్న పరవాడ ఫార్మాసిటీ నుంచి యూనివర్సిటీ ఫార్మసీ కాలేజీల దాకా అందరికీ ఎదురవుతోంది.

రెడీమేడ్ కిట్లు

పేర్లన్నీ ఒకేలా వినబడతాయి కాబట్టి తికమక ఇక్కడే మొదలవుతుంది. మ్యాట్‌టెక్ వాళ్ళ ఎపిఆక్యులర్ పేరులో కన్ను ఉంది గానీ, అందులోవి చర్మపు కెరటినోసైట్లు. వాటిని కార్నియా ఎపిథీలియంలా (పైపొరలా) పొరలు కట్టేలా పెంచుతారు. అదే సంస్థ ఎపికార్నియల్‌లో మాత్రం మనిషి కార్నియా కణాలే ఉంటాయి. ఫ్రాన్స్ నుంచి వచ్చే స్కిన్‌ఎథిక్ హెచ్‌సీఈ, చావు లేకుండా మార్చిన కార్నియా కణాల లైన్‌తో కట్టింది. రసాయనం కంటికి మంట పుట్టిస్తుందా లేదా అన్న ఒక్క ప్రశ్నకి ఎపిఆక్యులర్ చక్కగా సరిపోతుంది. 2015లో వచ్చిన ఓఈసీడీ (అంతర్జాతీయ ఆర్థిక సహకార సంస్థ) 492 మార్గదర్శకం కూడా దాన్ని ఒప్పుకుంది. అదే కార్నియా గాయం గురించో, కార్నియాకే ప్రత్యేకమైన జన్యువుల గురించో పేపరు రాయబోతుంటే చర్మపు కణాలతో రాయకూడదు. కార్నియా కణాల గుర్తులైన కెరటిన్ 12, పాక్స్6 రెండింటికీ రంగు పట్టించి చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఎపిఆక్యులర్ కిట్టులో 24 కణజాలాలుంటాయి, ఒక్కోటి 0.6 చదరపు సెం.మీ. ఒక్కో పదార్థానికి రెండేసి, నెగటివ్ కంట్రోల్ నీటికి రెండు, పాజిటివ్ కంట్రోల్ మిథైల్ ఎసిటేట్‌కి రెండు పోతే మిగిలేది పది పదార్థాలకి. వచ్చిన రోజే బయటికి తీసి, 6 గుంటల ప్లేటులో 1 మి.లీ. వెచ్చటి మీడియం మీద గంటసేపు ఉంచి, మళ్ళీ కొత్త మీడియంలోకి మార్చి 16 నుంచి 24 గంటలు ఇంక్యుబేటర్‌లో వదలాలి. రవాణాలో కింద వేసే అగరోజ్ జెల్లీ ముక్కలు ఇన్సర్ట్ అడుక్కి అంటుకొస్తాయి. వాటిని ఫోర్సెప్స్‌తో తీయకపోతే ఆ మేర మీడియం అందక కణజాలం మధ్యలో చచ్చిన మచ్చ పడుతుంది. అడుగున గాలి బుడగ ఉన్నా అంతే. ప్లేటుని కొంచెం వాల్చి బుడగని పక్కకి జార్చండి.

మర్నాడు 20 మైక్రోలీటర్ల బఫర్‌తో పైన తడిపి అరగంట ఆగాలి. ద్రవమైతే 50 మైక్రోలీటర్లు 30 నిమిషాలు, పొడి అయితే 50 మి.గ్రా. 6 గంటలు. కడిగాక మీడియంలో నానబెట్టడం ద్రవానికి 12 నిమిషాలు, పొడికి 25. ఆ తర్వాత ద్రవానికి 2 గంటలు, పొడికి 18 గంటలు ఇంక్యుబేటర్‌లో ఉంచి, మి.లీ.కి 1 మి.గ్రా. ఎంటీటీలో (బతికిన కణం ఊదారంగుకి మార్చే రసాయనం) 3 గంటలు. బతికిన శాతం 60 దాటితే మంట పుట్టించనిదిగా లెక్క. 60 లేదా అంతకంటే తక్కువ వస్తే అది కాస్త ఎర్రబరుస్తుందా, కన్నే పోగొడుతుందా అన్నది ఈ పరీక్ష చెప్పదు. జంట కణజాలాల మధ్య తేడా 20 శాతం దాటితే ఆ ఫలితం లెక్కలోకి రాదు.

మన దగ్గర ఎక్కువగా పరీక్షకొచ్చేవి మొక్కల సారాలు, త్రిఫల కషాయం, పసుపు కలిసినవి. ఇక్కడే ఎంటీటీ మోసం చేస్తుంది. కరక్కాయ, ఉసిరికల్లోని పాలీఫినాల్స్ కణం అవసరం లేకుండానే ఎంటీటీని ఊదారంగుకి మార్చగలవు, అప్పుడు చచ్చిన కణజాలం కూడా బతికున్నట్టు కనబడుతుంది. ముందే ఒక గుంటలో 1 మి.లీ. ఎంటీటీకి 50 మైక్రోలీటర్ల కషాయం కలిపి 3 గంటలు చూడండి. ఊదా తిరిగితే, గడ్డకట్టించి చంపిన కణజాలాల మీద కూడా అదే పరీక్ష నడిపి ఆ విలువ తీసేయాలి. పసుపుదైతే రంగు కోసం ఎంటీటీ లేని కంట్రోల్ వేరే పెట్టాలి. ఈ రెండూ లేకుండా వచ్చిన 95 శాతానికి విలువ లేదు.

మీడియం సీసా మీద లేనిది

కిట్టుని ఇన్‌ఫ్లమేషన్ పనికి వాడేవాళ్ళు తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మీడియంలో హైడ్రోకార్టిజోన్ ఉందా? ఎపిథీలియల్ కణాలు పెంచే మీడియంలు చాలావాటిలో అది ఉంటుంది, పొరలు బాగా కట్టడానికి వేస్తారు. కానీ అది స్టెరాయిడ్. అది మీడియంలో ఉండగా, ఇన్‌ఫ్లమేషన్ రేపే టీఎన్‌ఎఫ్ ఆల్ఫా వేసి, దాని జాడ చెప్పే సైటోకైన్లు (కణాలు వదిలే సంకేత ప్రోటీన్లు) ఐఎల్-6, ఐఎల్-8 పెరగలేదని చెప్పడం, రోగికి ముందే స్టెరాయిడ్ చుక్కలు వేసి కన్ను ఎర్రబడలేదని చెప్పడం లాంటిది. మన మందు పని చేసినా దాని జాడ కనబడదు, ఎందుకంటే తగ్గించడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

గాయం పనికి ఇదే తంటా, కణాల పెరుగుదలని ప్రేరేపించే ఈజీఎఫ్ అనే ప్రోటీన్‌తో. మి.లీ.కి 5, 10 నానోగ్రాముల ఈజీఎఫ్ ఉన్న మీడియంలో గాయం ఎంత వేగంగా మూసుకోగలదో అంత వేగంగానూ మూసుకుపోతుంది. దాని మీద మందు ఇంకేం వేగం పెంచుతుంది? హైడ్రోకార్టిజోన్ లేని మీడియం అమ్మేవాళ్ళున్నారు, కాకపోతే ఆర్డరులో విడిగా రాయాలి. పరీక్షకి 24 గంటల ముందే దానిలోకి మార్చాలి. అంతకంటే ముందు మారిస్తే పొరలు పలచబడతాయి, కాబట్టి నాలుగైదు రోజుల ప్రయోగమైతే మార్చిన రోజు నుంచీ ముట్టని కంట్రోల్ ఒకటి పక్కన నడవాలి. మీడియంలో ఏముందో చెప్పడానికి అమ్మేవాళ్ళు ఒప్పుకోకపోతే ఇన్‌ఫ్లమేషన్ పనికి ఆ కిట్టు కొనొద్దు.

మీడియం సరిచూసుకున్నాక ఈ కిట్ల పనితనం నిజంగా మెచ్చుకోదగ్గది. టీఎన్‌ఎఫ్ ఆల్ఫా మి.లీ.కి 10 నానోగ్రాములు కింది మీడియంలో కలిపి 24 గంటలకి ఎలైజా (యాంటీబాడీలతో ప్రోటీన్ కొలిచే పరీక్ష) చేస్తే ఐఎల్-8 స్పష్టంగా లేస్తుంది. దాన్ని పదింతల నుంచి యాభై ఇంతల దాకా పలుచన చేయకపోతే స్టాండర్డ్ గీత దాటిపోతుంది. వైరస్‌ని అనుకరించే పాలీ ఐసీ కూడా పనిచేస్తుంది. బ్యాక్టీరియా గోడలోని ఎల్‌పీఎస్ ఒక్కటే వేసి ఏమీ రాలేదని కిట్టుని తిట్టకండి. కార్నియా ఎపిథీలియంలో ఎల్‌పీఎస్‌ని గుర్తించడానికి కావాల్సిన ఎండీ-2 ప్రోటీన్ తక్కువ, ఎల్‌పీఎస్‌కి అది సహజంగానే మందకొడిగా స్పందిస్తుంది. పొడి కన్ను నమూనాకి ఉప్పే చాలు. 100 మి.లీ. మీడియంకి 0.41 గ్రాముల సోడియం క్లోరైడ్ అదనంగా కలిపితే 70 మిల్లీమోలార్ పెరుగుతుంది, 310 దగ్గరున్న ఆస్మోలారిటీ (కరిగిన పదార్థాల గాఢత) 450కి చేరుతుంది. మందు పనిచేస్తోందని నిరూపించే కంట్రోల్‌గా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ 100 నానోమోలార్ పెట్టండి. దానికే ఐఎల్-8 తగ్గకపోతే ముందు మీడియం అనుమానించాలి, మీ మందుని కాదు.

ఐఎల్-1 ఆల్ఫా పెరిగిందంటే అది ఇన్‌ఫ్లమేషనే కానక్కరలేదు. ఈ సైటోకైన్ కణం లోపల ముందే తయారుగా ఉంటుంది, కణం పగిలితే బయటికి కారిపోతుంది. నిల్వ మందుగా 0.01 శాతం బెంజల్కోనియం క్లోరైడ్ ఉన్న చుక్కలు వేసినప్పుడు కనబడేది చాలావరకు ఇదే. అందుకే ఎలైజా చేసిన ప్రతి ఇన్సర్ట్‌కీ ఎంటీటీ గానీ, పగిలిన కణాల నుంచి కారే ఎంజైమ్ ఎల్‌డీహెచ్ కొలత గానీ జతగా ఉండాలి.

అదే కిట్టు మీద గాయం

చేయొచ్చు, కానీ చేయి తిరగాలి. 2 మి.మీ. బయాప్సీ పంచ్‌తో పైపొర మీద గుండ్రంగా ఒత్తి, లోపలి చక్కని సన్నటి ఫోర్సెప్స్‌తో ఎత్తేయాలి. కింద ఉన్నది కాగితం కంటే పలచని పాలీకార్బొనేట్ పొర. పంచ్ ఒక్క పిసరు ఎక్కువ దిగితే ఆ పొర తెగి, కింది మీడియం గాయంలోకి ఊరుతుంది. గాలి తగలాల్సిన కణజాలం మునిగిపోతుంది. గాయం చేశాక 5 నిమిషాలు ఆగి చూడండి. గుంట మెరుస్తూ తడిగా నిండితే ఆ ఇన్సర్ట్ పక్కన పెట్టేయండి, తర్వాత ఎన్ని ఫొటోలు తీసినా దాని లెక్క పనికిరాదు.

రెండో పొరపాటు సమయాలది. ఎపిథీలియం జరిగే వేగం గంటకి 60, 70 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. 2 మి.మీ. గాయానికి వ్యాసార్ధం 1 మి.మీ. అంటే కదలడానికి ముందు పట్టే నాలుగైదు గంటలు కలుపుకున్నా ఒక రోజు లోపు మూసుకోవచ్చు. 24, 48, 72 గంటలకి ఫొటోలు తీస్తే అన్ని గుంపుల్లోనూ వంద శాతం మానినట్టే కనబడుతుంది, తేడా దొరకదు. 0, 6, 12, 18, 24 గంటలకి తీయాలి. అర్ధరాత్రి ఫొటోకి ఎవరు వస్తారో ముందే అనుకోండి.

ఇంకా లోతైన లోపం ఒకటుంది, అది ఏ కంపెనీ తప్పూ కాదు. ఇందులో స్ట్రోమా (ఎపిథీలియం కింది మందపు పొర) లేదు, లింబస్ (కార్నియా, తెల్లగుడ్డు కలిసే అంచు) లేదు. అడుగు కణాల విభజన (ఎక్స్), అంచు నుంచి వచ్చే కణాలు (వై) కలిపితే పైన రాలిపోయేవాటికి (జెడ్) సమానమని 1983లో థాఫ్ట్, ఫ్రెండ్ చెప్పిన లెక్కలో ఇక్కడ ఉన్నది అడుగు కణాల విభజన ఒక్కటే. అంచు నుంచి మూలకణాలు నడిచిరావడం లేదు. గాయం తగలగానే ఎపిథీలియం ఐఎల్-1 వదలడం, దాంతో కింది కెరటోసైట్లు (స్ట్రోమా కణాలు) చావడం, మిగిలినవి టీజీఎఫ్ బీటా అనే ప్రోటీన్ వల్ల మయోఫైబ్రోబ్లాస్టులుగా మారి మచ్చ కట్టడం, ఇదంతా ఈ కిట్టులో కనబడే అవకాశమే లేదు. కంట్లో పువ్వు ఎలా పూస్తుందన్నది మీ ప్రశ్న అయితే ఈ కిట్టు దానికి జవాబివ్వదు.

మేక కన్ను

గాయం పనికి మా ఓటు దీనికే. ఖర్చు తక్కువని కాదు, స్ట్రోమా, బేస్‌మెంట్ మెంబ్రేన్ (ఎపిథీలియం అతుక్కునే పలచటి పొర), లింబస్ అన్నీ ఉన్న చోటే ఉంటాయని.

తెచ్చుకోవడంలోనే సగం పని ఉంది. మన దగ్గర మేక తలకాయని కాల్చి అమ్మే అలవాటు. మంట తగిలిన కన్ను చూడటానికి బాగానే ఉన్నా ఎపిథీలియం ఉడికిపోయి ఉంటుంది. కాబట్టి తల కాల్చకముందే కన్ను తీయించాలి, ఇది కబేళాలో ముందు రోజే చెప్పి ఒప్పించుకోవాలి. ఆదివారం రద్దీలో ఎవరూ వినరు, మంగళ, బుధవారాలు నయం. తీసిన కన్నుని సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డ మీద, మూత ఉన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని ఐసు మీద ఉంచాలి. కన్ను నేరుగా ఐసుకి తగలకూడదు, తగిలిన చోట ఎపిథీలియం ఊడొస్తుంది. నాలుగు గంటల్లో బల్ల మీద ఉండాలి. ల్యాబుకి రాగానే ఫ్లోరెసిన్ (గాయం చోట మెరిసే రంగు) వేసి నీలి దీపం కింద చూసి, ఇప్పటికే గీతలున్నవి తీసేయండి.

0.5 శాతం పొవిడోన్ అయోడిన్‌లో 2 నిమిషాలు ముంచి, బఫర్‌తో మూడుసార్లు కడిగి, చుట్టూ 2, 3 మి.మీ. తెల్లగుడ్డు అంచు ఉంచి కార్నియా కోయాలి. ఐరిస్, లెన్స్ జాగ్రత్తగా తీసేసి, కార్నియాని బోర్లా పెడితే చిన్న గిన్నెలా ఉంటుంది. మీడియంలో చేసిన 1 శాతం అగరోజ్ 40 డిగ్రీలకి చల్లారాక ఆ గిన్నెలో పోయాలి. వేడిగా పోస్తే ఎండోథీలియం (కార్నియా లోపలి పొర) చస్తుంది, కార్నియా ఉబ్బి తెల్లబడుతుంది. గట్టిపడ్డాక తిప్పి డిష్‌లో పెట్టి, డీఎంఈఎం, హ్యామ్స్ ఎఫ్12 సమపాళ్ళ మీడియం లింబస్ అంచు దాకా మాత్రమే పోయాలి. పైభాగం గాలికి ఉండాలి, ఎండకుండా 8 గంటలకోసారి 100 మైక్రోలీటర్ల చుక్క. యాంటీబయాటిక్‌తో పాటు బూజుని చంపే యాంఫోటెరిసిన్ తప్పనిసరి. ఆగస్టు నుంచి నవంబరు దాకా విశాఖ గాలిలో చెమ్మకి ఇంక్యుబేటర్ నీళ్ళ పళ్ళెం బూజు పట్టేస్తుంది. పళ్ళెంలో ఆటోక్లేవ్ చేసిన డిస్టిల్డ్ నీళ్ళే పోసి, వారానికోసారి మార్చండి.

గాయానికి 8 మి.మీ. ట్రెఫిన్‌తో (గుండ్రటి కత్తితో) గీత గీసి, మొద్దు బ్లేడుతో ఎపిథీలియం గీరేయాలి. గీకుడు బలం అందరిదీ ఒకేలా ఉండదు. బేస్‌మెంట్ మెంబ్రేన్ గీసుకుపోతే మానడం ఆలస్యమవుతుంది, దాన్ని మందు వైఫల్యం అనుకునే ప్రమాదముంది. ఒక ప్రయోగం మొత్తం ఒకే చేయి చేయాలి. రసాయన గాయమైతే 6 మి.మీ. వాట్‌మన్ ఫిల్టర్ కాగితం బిళ్ళని 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌లో తడిపి 30 సెకన్లు పెట్టి, వెంటనే బఫర్‌తో ధారగా కడగాలి. బిళ్ళ కారుతూ ఉంటే మంట లింబస్ దాకా పాకుతుంది, అంచుకి తాకించి అదనపు ద్రవం దులపండి.

ఫొటోలు 0, 24, 48, 72 గంటలకి. ఇక్కడ వ్యాసార్ధం 4 మి.మీ. కాబట్టి లెక్కకి 57 నుంచి 67 గంటలు, ఈ సమయాలు సరిపోతాయి. ఫ్లోరెసిన్ సీసాగా నిల్వ ఉంచకండి, అందులో సూడోమొనాస్ బ్యాక్టీరియా హాయిగా పెరుగుతుంది. స్ట్రిప్పులే వాడండి. మేక కార్నియా గుండ్రం కాదు, అడ్డంగా కోలగా ఉంటుంది. ఫొటోలో ప్రతిసారీ అదే దిక్కు రావడానికి తెల్లగుడ్డు మీద 12 గంటల స్థానంలో చిన్న కుట్టు వేసుకోండి. వైశాల్యం ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో కొలిచి మొదటి రోజు దానితో శాతంగా రాయాలి.

లోపాలు? రక్తం లేదు, కాబట్టి న్యూట్రోఫిల్స్ రావు, నిజమైన కన్ను ఎర్రబడటం ఇందులో ఉండదు. మనిషి ఎలైజా కిట్లు మేక సైటోకైన్లని నమ్మకంగా పట్టవు. మేకకి పనిచేస్తుందని రాసి ఉన్న యాంటీబాడీ దొరక్కపోతే ఇన్‌ఫ్లమేషన్ లెక్క దీని మీద పెట్టుకోవద్దు. ఒక మేక రెండు కళ్ళూ ఒకే నమూనా. ఒక కన్ను మందుకి, రెండోది కంట్రోల్‌కి. కిట్టులోనూ ఇదే న్యాయం: 24 కణజాలాలు ఒకే దాత కణాలవైతే అవి ఇరవై నాలుగు నమూనాలు కావు, ఒక్కటే.

మిగతా రెండు మాటలు

ల్యాబులో పెంచుకునే హెచ్‌సీఈ-టీ (చావు లేకుండా మార్చిన మనిషి కార్నియా కణాల లైన్) పొర విద్యార్థులకి మంచి అభ్యాసం. 12 మి.మీ. ఇన్సర్ట్, 0.4 మైక్రాన్ రంధ్రాలు, నిండాక పైన మీడియం తీసేసి గాలికి వదలడం. టీఈఈఆర్ (పొర కరెంటుని ఎంత అడ్డుకుంటుందన్న కొలత) 620 ఓమ్‌లు వచ్చి ఖాళీ ఇన్సర్ట్ 120 అయితే, తేడా 500ని ఇన్సర్ట్ వైశాల్యం 1.12 చదరపు సెం.మీ.తో గుణించి 560 రాయాలి. ఏసీ కింద చల్లబడిన ప్లేటు ఎక్కువ చూపిస్తుంది, ప్రతిసారీ ఒకే ఉష్ణోగ్రతలో కొలవండి. ఎస్‌వీ40 వైరస్ జన్యువుతో మార్చిన ఈ కణాలు విభజనకి తొందరపడతాయి కాబట్టి గాయం వేగాన్ని వీటితో తేల్చకూడదు.

మనిషి కార్నియాలు కావాలంటే నగరంలో ఐ బ్యాంకు ఉంది, హనుమంతవాకలో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ప్రాంగణం ఉంది. అయితే మార్పిడికి పనికిరాని కార్నియాలే పరిశోధనకి వస్తాయి. ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి, దాత కుటుంబం సమ్మతి పత్రం ఉండాలి. ఎంకే (మెక్‌కారీ-కాఫ్‌మన్) నిల్వ మీడియంలో 4 రోజులు దాటినది అడగొద్దు. 14 రోజులు నిల్వ ఉంచే మీడియంలోదైనా ఎపిథీలియం ముందే రాలిపోయి ఉండొచ్చు.

రెడీమేడ్ కిట్టు తెప్పించేవాళ్ళు తేదీ చూసుకుని ఆర్డర్ పెట్టండి. దసరా, సంక్రాంతి వారాల్లో కస్టమ్స్‌లో రెండు రోజులు ఆగితే చాలు, కణజాలం పోయినట్టే. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక ఉంటే వాయిదా వేయడం నయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన విమానాశ్రయాన్ని ఏం చేసిందో చూశాం కదా. పెట్టెలో ఉష్ణోగ్రత లాగర్ పెట్టమని రాయండి, తెరవగానే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో ఫొటో తీయండి. 24లో రెండు త్యాగం చేసి (అప్పుడు మిగిలేది తొమ్మిది పదార్థాలకే), ఒకటి కోసి పొరలు లెక్కపెట్టండి, ఒకటి ఎంటీటీలో వేయండి. కంపెనీ పంపే నాణ్యత పత్రంలో 0.3 శాతం ట్రైటాన్ అనే డిటర్జెంట్‌కి సగం కణజాలం చచ్చే సమయం రాసి ఉంటుంది, ఎపిఆక్యులర్‌కి అది 12.2 నుంచి 37.5 నిమిషాల మధ్య ఉండాలి. ఆ పత్రం రాకముందే ప్రయోగం మొదలుపెట్టొద్దు.